అన్నీ ఉన్నయి, ఏం రంది నీకు అంటున్నరు. నా దగ్గర జవాబు లేదు

గునుగుపువ్వు, హన్మకొండ · అక్టోబరు 6, రాత్రి 1:40

పేరు చెప్పుకోలేను, ఏమనుకోకండి. నాకు 41 ఏండ్లు. సర్కారు బడిల టీచర్ని. మా ఆయన బ్యాంకుల చేస్తడు. హంటర్ రోడ్డు దిక్కు సొంత ఇల్లు, పోయినేడే లోన్ తీరింది. బిడ్డ ఇంటర్, కొడుకు ఎనిమిదో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటది. మంచిది, నిజంగనే మంచిది. నన్ను ఒక్క మాట అనేటోళ్లు ఇంట్ల ఎవరూ లేరు. మీరు అడిగేవన్నీ ముందే చెప్పేస్తే అయిపోతదని ఇదంతా రాస్తున్న.

ఉగాది తర్వాత ఎప్పుడో మొదలైంది. ఫలానా రోజు అని లేదు. తెల్లారంగ నాలుగింటికి మెలకువ వస్తది, మళ్ల నిద్ర పట్టదు. ఫ్యాను దిక్కు చూసుకుంట పండుకుంట. ఆరింటికి లేవాలంటే ఒళ్లు బండ లెక్క. బడికి పోత, పాఠం చెప్త, నవ్వుత కూడా. ఇంటికొచ్చి కూసుంటే మళ్ల లేవబుద్ధి కాదు. మొన్న 38 టెస్టు పేపర్లు ఇంటికి తెచ్చిన. మొదటి పేపర్ల మొదటి జవాబు ఇంకుడు గుంతల మీద. చదివిన, మళ్ల చదివిన. అక్షరాలు కనబడుతున్నయి, లోపలికి పోతలేవు. గంటల మూడు పేపర్లు దిద్దిన.

నాకేదో అయిందని సద్దుల బతుకమ్మ నాడు గట్టిగ తెలిసింది. మా ఇంట్ల గునుగుపూల పని ప్రతేడు నాదే. కట్టలు కట్టి, కాడలు సమంగ కోసి, కొసలు రంగు నీళ్లల్ల ముంచి పాత పేపర్ల మీద ఆరబెట్టుడు. చిన్నప్పటి సంది ఆ పనంటే పిచ్చి నాకు. ఈసారి కూడా చేసిన. చేతులు వాటంతట అవే చేసినయి. తాంబాలంల గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, నడుమెత్తు లేపిన. అందరు ఫొటోలు తీసుకున్నరు. నాకేమనిపించలె. బాధ కూడా కాదు. కరెంటు పోయిన ఇంట్ల స్విచ్చి వేసినట్టు. పద్మాక్షి గుండం కాడ చప్పట్లు కొడుతున్న గని నోట్లె నుంచి పాట వస్తలేదు. పక్కనామె "గొంతు పోయిందా టీచరమ్మా" అన్నది. అవునన్న.

మా అమ్మకు ఫోన్ల చెప్తే "ఏం రంది బిడ్డా నీకు? అల్లుడేమన్న అన్నడా?" అన్నది. లేదన్న. "పైసలా? పిల్లలా?" అవి కూడా కాదన్న. "మరేం రంది?" అన్నది. అక్కడ ఆగిపోయిన. మన దగ్గర రంది అంటే దానికో కారణం ఉండాలె, అడిగితే చెప్పాలె. చెప్పలేకపోతే అది రంది కాదు, బలుపు. ఇంత మంచిగ ఉండి ఏడుస్తున్ననని నా మీద నాకే అసహ్యమైతాంది. ఇట్ల ఎవరికన్న అయిందా?

పరకాల పటేల్ · అక్టోబరు 6, పొద్దున 7:05

ఏమనుకోకు టీచరమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్త. తిని కూసుంటే వచ్చే రోగం ఇది. మా అవ్వ ఆరుగురిని సాదింది, నాట్లేసింది, కోతలు కోసింది. ఆమెకు ఎన్నడు డిప్రెషన్ రాలె. ఇప్పుడు పత్తి ఏరే కాలం. నాలుగు రోజులు మా చేన్లకు రా. నడుం విరిగితే నిద్ర అదే వస్తది.

కాజీపేట లోకో · అక్టోబరు 6, పొద్దున 7:48

పటేల్ సాబ్, మీ అవ్వకు రాలేదని మీకెట్ల తెలుసు? ఎవరన్న అడిగిన్రా ఆమెను? మా నాయనమ్మ పొద్దూకితే దొడ్లె బాయి గడ్డ మీద గంటలకు గంటలు కూసునేది. ముసల్దానికి గాలి సోకిందని తాయెత్తు కట్టిచ్చిన్రు. అంతే, అయిపోయింది ఆమె వైద్యం.

చెల్లె, నేను 34 ఏండ్లు రైలు నడిపిన. 2011ల నాకు ఇదే వచ్చింది. అప్పటికి జీతం మంచిగుండె, పిల్లలు ఇద్దరు చేతికొచ్చిన్రు. గూడ్సు బండి పట్టుకొని బల్లార్షా లైన్ల పోతున్నప్పుడు సిగ్నల్ కనబడితే దాని రంగు అసిస్టెంటుకు గట్టిగ చెప్పాలె, అతను మళ్ల అనాలె. నేను పచ్చ అనేది, అతను పచ్చ అనేది. నోరు నడుస్తాంది, బండి నడుస్తాంది. మంచిర్యాల వచ్చినంక చూసుకుంటే రామగుండం ఎప్పుడు దాటిన్నో యాదికి లేదు. ఎనుక 58 వ్యాగన్లు. అప్పుడు పట్టింది నాకు బుగులు.

అయినా చెప్పలె. చెప్తే బండి దించుతరు, నలుగురు ఏమనుకుంటరో అని నాలుగు నెలలు దాచిన. అది నా తప్పే, ఎవరి మీద పెట్ట. తలుసుకుంటే ఇప్పటికీ చెమటలు పడుతయి. ఆఖరికి మా ఆమె చెయ్యి పట్టుకొని డాక్టరు కాడికి గుంజుకపోయింది. ఆర్నెల్లు బండి ఎక్కలె. తర్వాత ఎక్కిన, రిటైరయ్యేదాక నడిపిన.

డాలస్ శీను, మనది హన్మకొండే · అక్టోబరు 6, పొద్దున 9:20

అక్కా, మీరు గ్రాటిట్యూడ్ జర్నల్ ట్రై చేయండి. పడుకునే ముందు మీ లైఫ్‌లో ఉన్న మంచి విషయాలు ఐదు రాసుకోవాలి. నాకు బాగా పనిచేసింది. దాంతోపాటు పది నిమిషాలు మెడిటేషన్, ఫోన్ తక్కువ చూడటం.

గునుగుపువ్వు · అక్టోబరు 6, సాయంత్రం 5:30

తమ్మీ, రాసిన. జూన్‌ల 19 రోజులు రాసిన. ఇల్లు, ఆయన, పిల్లలు, నౌకరి, ఆరోగ్యం. ఐదు రాసినంక "ఇన్నుండి కూడా" అని ఆరోది నేనే రాసుకునేదాన్ని. ఆ నోటుబుక్కు నా మీద నేను రాసుకున్న ఛార్జిషీటు లెక్క అయింది. చింపి పారేసిన.

డాలస్ శీను · అక్టోబరు 6, సాయంత్రం 6:02

సారీ అక్కా. అట్లా కూడా అవుతుందని నాకు తట్టలేదు.

తెల్లకోటు · అక్టోబరు 6, రాత్రి 9:15

నేను సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను. ఇక్కడ కూర్చొని మీకు ఫలానా జబ్బని చెప్పను, అది తప్పు. మీరు పడుతున్న గుంజాటన "కారణం లేదు" అన్న దగ్గర ఉంది కాబట్టి దాని గురించి మాత్రం చెప్తాను.

పాత పుస్తకాల్లో కుంగుబాటును రెండుగా విడదీసేవారు. బయట ఏదో జరిగి వచ్చేది ఒకటి, లోపలి నుంచి దానంతట అదే వచ్చేది ఒకటి. ఇప్పుడు అట్లా చూడటం లేదు. మేం చూసేది తొమ్మిది లక్షణాలు: రోజులో ఎక్కువసేపు దిగులు, ఇష్టమైన వాటి మీద ఇష్టం పోవడం, నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత, తప్పుచేసినట్టు అనిపించడం, మాటా కదలికా మందగించడం లేదా నిలకడ లేకపోవడం, చావు ఆలోచనలు. వీటిలో కనీసం ఐదు, రెండు వారాలు, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. ఆ ఐదులో మొదటి రెండింట్లో ఒకటి ఉండి తీరాలి. ఈ తొమ్మిదిట్లో "కారణం ఏమిటి" అనే గడి లేదు. దగ్గరివాళ్లు పోయినప్పటి దుఃఖాన్ని, వేరే జబ్బుల్ని విడిగా చూస్తాం. కారణం చెప్పలేదని మాత్రం ఎవరినీ వెనక్కి పంపం.

"నా మీద నాకే అసహ్యం" అన్నారు చూడండి. అది మీ గుణం గురించి మీరిచ్చుకున్న తీర్పు అనుకుంటున్నారు. పై వరుసలో ఏడోది చూడండి. అది కూడా లక్షణమే. జ్వరం వచ్చినవాళ్లు "ఒళ్లు కాలుతోంది, నేనెంత చెడ్డదాన్నో" అనుకోరు కదా.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో దాదాపు ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చినట్టు తేలింది. వాళ్లందరి ఇళ్లల్లోనూ అప్పులు, గొడవలు ఉన్నాయని కాదు. వంశంలో ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుంది. నలభై దాటాక నెలసరి ఆగిపోయే ముందరి ఏళ్లల్లో ఆడవాళ్లకు ఇంకాస్త పెరుగుతుంది. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గింది కాబట్టి అని చాలామంది చెప్తారు. వినడానికి సులువుగా ఉంటుంది గానీ అసలు సంగతి అంత సులువు కాదు, మాకే పూర్తిగా తెలియదు.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బి12 చూపించుకోండి. మధ్యలో ఎప్పుడైనా నిద్ర లేకున్నా హుషారుగా, ఖర్చు మీద ఖర్చు పెడుతూ, ఆగకుండా మాట్లాడిన రోజులు ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అప్పుడు మందు మారుతుంది.

ఒక్క మాట నేరుగా అడుగుతాను. చచ్చిపోవాలని అనిపిస్తోందా?

బెజవాడ కోడలు, నక్కలగుట్ట · అక్టోబరు 6, రాత్రి 10:10

థైరాయిడ్ సంగతి నేను చెప్తానండి. రెండో బాబు పుట్టాక నాకూ అచ్చం ఇలాగే ఉండేది. మా అత్తగారు దిష్టి తీశారు, మా అమ్మ బెజవాడ నుంచి వచ్చి దుర్గమ్మకి మొక్కుకుంది. ఏడాది తర్వాత ఎవరో చెబితే పరీక్ష చేయించాం. టీఎస్‌హెచ్ 46, చాలా ఎక్కువ. పొద్దున్నే పరగడుపున చిన్న మాత్ర, అంతే. రెండు నెలలకి మనిషినయ్యాను. అలా అని అందరికీ అదే అనుకోకండి. మా ఆడపడుచుకి థైరాయిడ్ శుభ్రంగా ఉంది, అయినా డిప్రెషనే.

మానేరు గట్టు, కరీంనగర్ · అక్టోబరు 6, రాత్రి 10:55

గోలీల జోలికి పోకు అక్కా. నేను పోయి చూసిన. మూడు నెలలు వేసుకున్న, మంచిగయిందని ఒక్కసారే బందు పెట్టిన. రెండో రోజు సంది తల తిప్పితే చాలు, లోపల కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనేది. అంటే అలవాటు పడ్డట్టే కదా? వారం నరకం చూసిన.

తెల్లకోటు · అక్టోబరు 6, రాత్రి 11:20

అన్నా, మీకు జరిగింది నిజమే, కానీ అది వ్యసనం కాదు. ఈ మందుల్ని ఒక్కసారిగా ఆపితే కొందరికి అట్లాగే అవుతుంది. అందుకే వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించి ఆపిస్తాం. ఆ మాట మీకు ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఇంకోటి, మంచిగయింది అనిపించాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటాం. మూడు నెలలకే మానేస్తే తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

నిజంగా అలవాటు పడేవి నిద్రమాత్రలు. ఆల్ప్రజోలం లాంటివి చీటీ లేకుండా తెచ్చుకొని ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లు ఉన్నారు. భయపడితే వాటికి భయపడండి.

సుబేదారి వకీలు · అక్టోబరు 7, పొద్దున 8:30

టీచర్ గారికి నౌకరి భయం కూడా ఉండి ఉంటది, అందుకే రెండు ముక్కలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలె. ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకు కవరేజీ ఇయ్యాలె. పాలసీల ఏం రాసుందో మాత్రం ఓసారి చూసుకోండి.

ఓరుగల్లు పంతులు · అక్టోబరు 7, పొద్దున 10:40

తెలుగు చెప్పి రిటైరయినోణ్ని, నా కంటికి ముందు మాటలే కనబడుతయి. బుగులు రేపటి గురించి. రంది పోయినదాని గురించో, దూరమున్న మనిషి గురించో. యాష్ట ఎదురుంగ ఉన్నదాని మీద. ఎదురుంగ ఏమీ లేకుండ, ఎవరూ పోకుండ, రేపు బాగుంటదని తెలిసి కూడా మనిషి ఆరిపోతే దానికి మన ఇండ్లల్ల మాట లేదు. నేనూ వెతికిన, దొరకలె. భగవద్గీత మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. ఆయనకు కూడా చూపెట్టెతందుకు ఎదురుంగ చుట్టాల సైన్యం ఉండె! ఈ టీచరమ్మకు అది కూడా లేదు, పాపం.

మాట లేకుంటే రోగం లేనట్టు కాదమ్మా. చక్కెర వ్యాధి అనే మాట పుట్టకముందు కూడా మనుషులకు చక్కెర ఉండె.

గునుగుపువ్వు · అక్టోబరు 7, రాత్రి 11:50

పంతులు సార్, మీ మాట రెండుసార్లు చదివిన. లోపలికి పోయింది ఈసారి.

డాక్టరు గారూ, మీరడిగినదానికి జవాబు పొద్దటి సంది రాసి తుడిపేస్తున్న. చచ్చిపోవాలని లేదు. ఎట్ల అని కూడా ఆలోచించలె. గని రాత్రి పండుకునేటప్పుడు "పొద్దున లేవకుంటే మంచిగుండు" అని వారానికి ఒకసారన్న అనిపిస్తది. ఇది ఎవరికీ చెప్పలె.

వేదిక నిర్వాహకులు · అక్టోబరు 7, రాత్రి 11:58

గునుగుపువ్వు గారూ, ఇది రాసినందుకు సంతోషం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇప్పుడైనా చేయొచ్చు. చదువుతున్న మిగతావాళ్లకు కూడా ఇదే మాట.

తెల్లకోటు · అక్టోబరు 8, రాత్రి 12:06

చెప్పారు, మంచి పని చేశారు. ఆ ఆలోచన ఉందంటే ఇంకా ఆగకూడదు. ఈ వారంలోనే వెళ్లండి. అంతకుముందు ఇంట్లో ఒక్కరికి, ఒక్కరికే, ఇక్కడ రాసిందంతా చెప్పండి. నోట రాకపోతే ఫోన్ చేతికిచ్చి చదవమనండి. "ఎట్లా" అనే ఆలోచన మొదలైతే మాత్రం అపాయింట్‌మెంటు కోసం చూడకండి, అదే పూట క్యాజువాల్టీకి వెళ్లండి. వరంగల్ ఎంజీఎం సర్కారు ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ప్రైవేటు డాక్టర్లు కూడా హన్మకొండలో ఉన్నారు.

కాజీపేట లోకో · అక్టోబరు 8, పొద్దున 6:15

మా ఆమె పక్కన కూసొని ఇదంతా చదివిచ్చుకున్నది. "ఆ పిల్లకు తోడు ఎవరూ లేకుంటే నేను పోత" అంటాంది. పేరు చెప్పకున్నా పర్వాలేదట, చీర రంగు చెప్తే చాలట.

గునుగుపువ్వు · అక్టోబరు 12, మధ్యాహ్నం 3:20

అక్కకు దండాలు చెప్పండి అన్నా. తోడు దొరికింది.

గురువారం రాత్రి డాబా మీద బట్టలు తీస్తుంటే మా ఆయన పైకొచ్చిండు. నోరు రాలె. ఫోన్ చేతిల పెట్టిన. నిలబడి చదివిండు. నేను బట్టలు మడతపెట్టుకుంట ఉన్న, ఒకే తువ్వాలను నాలుగుసార్లు మడతపెట్టిన్నేమో. చదివి చానా సేపు ఏమనలె. ఆఖరికి "ఏప్రిల్ సంది నువ్వు నా మీద కోపంగున్నవనుకుంటున్న" అన్నడు. ఏం తప్పు చేసిండో తెల్వక, అడిగితే ఇంక పెద్దగైతదేమోనని, ఆర్నెల్లు ఇంట్ల గోడలు పట్టుకొని తిరిగినట్టు తిరిగిండట. నేను కారణం కోసం వెతికితే, కారణం తనే అనుకున్నడు ఆయన.

నిన్న ఓపీకి పోయినం. లైన్ల మా బడి పిల్ల తల్లి! నేను కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్న. ఓరకంట చూస్తే ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకున్నది. గంటన్నర ఇద్దరం ఒకలనొకలం చూడనట్టు కూసున్నం. లోపల డాక్టరమ్మ 25 నిమిషాలు మాట్లాడింది, ఎక్కువ నేనే మాట్లాడిన. రక్తపరీక్షలు రాసింది. ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ గోలీ చిన్న డోసుతోటి మొదలు పెట్టింది. గుణం కనబడాలంటే రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగ తెల్వాలంటే ఇంకా ఎక్కువ పడుతదన్నది. వారానికోసారి కౌన్సెలింగ్.

రిపోర్టులు ఇయ్యాల వచ్చినయి. టీఎస్‌హెచ్ 2.4. బాగనే ఉన్నది. అది చూసి బాత్రూంల పోయి ఏడ్చిన. థైరాయిడ్ అని వస్తే అమ్మకు చెప్పెతందుకు ఒక పేరుండు.

బెజవాడ కోడలు · అక్టోబరు 12, మధ్యాహ్నం 3:45

అయ్యో. మీరు రాసింది చదివి నాకు సిగ్గేసిందండి. నాకు ఆ పేరు దొరకబట్టే కదా, మా ఇంట్లో అందరూ ఒక్కరోజులో నన్ను నమ్మేశారు.

గునుగుపువ్వు · డిసెంబరు 7, రాత్రి 8:30

చానామంది అడుగుతున్నరు, అందుకే రాస్తున్న. మొదటి వారం వాంతికి వచ్చినట్టు, నోరు ఎండుడు. రెండో వారం ఏం ఫరక్ పడలె. మానేద్దామనుకొని మానేరు అన్న కరెంటు షాకు యాదికొచ్చి ఆగిన. డోసు ఒకసారి పెంచిన్రు. నాలుగో వారంల ఒకరోజు మెలకువ వచ్చి చూస్తే ఐదున్నర. నాలుగు కాదు, ఐదున్నర! మా ఆయన్ను లేపి మరీ చెప్పిన, పాపం.

కౌన్సెలింగ్‌ల "మనసొచ్చినంక చేద్దామని ఆగకు, చిన్న పని ముందు చెయ్యి, మనసు ఎనుక వస్తది" అన్నరు. సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు మీద నడుస్తున్న. మొదట్ల చెప్పుల దిక్కే చూసుకుంట నడిచిన. మొన్న ఒకాయన మక్కకంకులు కాలుస్తుంటే ఆ వాసనకు ఆగిన. కొనుక్కొని తిన్న. ఉప్పు, కారం, నిమ్మకాయ. రుచి తెలిసింది.

పూర్తిగ కాలే. ఆదివారాలు ఇంకా బరువే. పోయిన వారం రెండు రోజులు మళ్ల పాత లెక్కనే ఉండె, భయమైంది. ఈసారి టెస్టు పేపర్లు మాత్రం రెండు పూటల అయిపోయినయి. ఆ ఓపీ లైన్ల కనబడ్డ తల్లి మొన్న బడికి వచ్చింది. ఇద్దరం పిల్ల లెక్కల మార్కుల గురించి మాట్లాడుకున్నం. పోయేటప్పుడు "మీరు ఏ రోజు పోతరు మేడం" అని మెల్లగ అడిగింది. శనివారం అన్న.

అమ్మ నిన్న ఫోన్ చేసి మళ్ల "ఏం రంది బిడ్డా" అన్నది. "రంది లేదమ్మా, జబ్బు చేసింది, గోలీలు వేసుకుంటున్న" అన్న. కాసేపు ఆగి "గోలీలు తిన్నంక వేసుకోవాలెనా, తినకముందా" అన్నది.

పరకాల పటేల్ · డిసెంబరు 9, పొద్దున 5:50

ఎంజీఎంల ఆ ఓపీ చీటీ ఏడ ఇస్తరు? నాకు కాదు.

కాజీపేట లోకో · డిసెంబరు 9, పొద్దున 6:10

గేటు లోపలికి పోతే ఓపీ చీటీల కౌంటరు ఎవరన్న చూపిస్తరు పటేల్ సాబ్. సైకియాట్రీ అని చెప్పాలె, గొంతు తగ్గించకుండ. ఆధార్ కార్డు తీసుకపొండి. పాత మందుల చీటీలు ఏమన్న ఉంటే అవి కూడా. పొద్దుగాల జల్దీ పోతే లైన్ తక్కువుంటది. పరకాల నుంచి మొదటి బస్సు పట్టుకోండి.

పరకాల పటేల్ · డిసెంబరు 9, పొద్దున 6:14

బండి మీద వస్తం. ఇద్దరం.